రాయచూరు అంతర్వేదిలో పాత సైకిళ్లు: ఆనవాళ్లు, మరమ్మతు

ఇరవయ్యో శతాబ్దం తొలి నాలుగు దశాబ్దాల్లో రాయచూరు అంతర్వేదికి వచ్చిన సైకిళ్లు చాలావరకు ఇంగ్లండు సరుకు. బర్మింగ్‌హాం, కోవెంట్రీ, నాటింగ్‌హాం కర్మాగారాల్లో తయారై, ఓడల్లో బొంబాయికో మద్రాసుకో చేరి, అక్కడి నుంచి రైలెక్కి వచ్చేవి. ఆ విషయంలో రాయచూరుకు చోటు కలిసొచ్చింది. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గం, మద్రాసు రైల్వే వారి మార్గం 1871లో ఇక్కడే కలిశాయి. రేవులు రెండూ బ్రిటిషు వారివి, ఊరు నిజాం రాజ్యంలోది. బయటి సరుకు మీద హైదరాబాదు సంస్థానం సొంతంగా సుంకం వసూలు చేసేది. ఆ శాఖ పేరు కరోడ్‌గిరీ. ఇంగ్లండు ధర, ఓడ కేవు, రేవు సుంకం, రైలు కిరాయి, ఆ పైన కరోడ్‌గిరీ, ఇన్నీ పడ్డాక సైకిలు కొనగలిగినవాళ్లు ఎవరో ఊహించడం కష్టం కాదు. సర్కారు ఉద్యోగులు, వకీళ్లు, పత్తి, వేరుశనగ వ్యాపారులు, కలిగిన రైతుల పిల్లలు. కూలివాడి చేతికి సైకిలు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

రాయచూరుకు ఉత్తరంగా, కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న దేవసూగూరు ఆ రోజుల్లో సూగూరేశ్వరుడి జాతరకు, ఏటి రేవుకు పేరున్న ఊరు. బొంబాయి రైలు ఏటి మీద వంతెన దాటి వెళ్లిపోయేది గాని, రోడ్డున వచ్చేవాళ్లకు వంతెన లేదు. మనుషులు, మూటలు, మేకలు పుట్టిలోనే దాటాలి. సైకిలున్నవాడికీ అదే గతి. నిజాం ప్రభుత్వం 1933లో మొదలుపెట్టిన రాతి కమానుల వంతెన 1943లో పూర్తయింది. దానికి సిరాత్-ఎ-జూదీ అని పేరు పెట్టారు. రాయచూరు, మహబూబ్‌నగర్ల మధ్య ఏటికి అడ్డం లేని రోడ్డు అప్పుడు ఏర్పడింది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు దక్షిణపు ఒడ్డు మైసూరు (ఇప్పటి కర్ణాటక) రాష్ట్రానికి, ఉత్తరపు ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. రాయచూరు, దేవసూగూరు కర్ణాటకవి అయినా ఇక్కడి బజారులో కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ ఇప్పటికీ చెల్లుతాయి. 1985లో దేవసూగూరు పక్కనే శక్తినగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ పని మొదలుపెట్టేనాటికి సైకిలు కార్మికుడి బండి అయిపోయింది.

ఈ మార్పు తెలిస్తే పాత సైకిలు గుర్తింపులో సగం చిక్కు విడిపోతుంది. దొర సామానుగా వచ్చిన సైకిలు రెండు మూడు తరాల్లో చేతులు మారి పాలవాడి దగ్గరికో, గడ్డిమోపులు మోసేవాడి దగ్గరికో చేరింది. చేరిన ప్రతి చోటా ఏదో ఒక భాగం మారింది. అలా నూరేళ్లు తిరిగిన సైకిలుకు ఒకే పుట్టిన తేదీ ఉండదు. ఫ్రేముకు ఒకటి, చక్రానికి ఇంకొకటి, సీటుకు మరొకటి. అందరూ మొదట చూసేది ముందు గొట్టం మీది పేరు బిళ్ల. అన్నిటికంటే తేలిగ్గా మార్చగలిగేదీ అదే.

సైకిలు ఇప్పటి ఆకారానికి వచ్చింది 1885లో. కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సేఫ్టీకి రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనుక చక్రాన్ని తిప్పేది చైను. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. ముందు పెద్ద చక్రం, వెనుక చిన్న చక్రం ఉన్న ఎత్తు సైకిళ్లు ఆ తర్వాత కొన్నేళ్లకే మూలపడ్డాయి. కనుక దక్కను పల్లెల్లో దొరికే పాత సైకిలు ఎంత పాతదైనా చూపుకు నేటి సైకిలులాగే ఉంటుంది. తేడాలు వివరాల్లో ఉంటాయి.

వాటిలో చైను ముఖ్యం. నేటి చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం దూరం. 1910కి ముందటి సైకిళ్లలో చాలావాటికి అంగుళం దూరపు చైనులుండేవి. వాటికి తగిన పళ్లచక్రంలో పళ్లు దూరదూరంగా, సగమే ఉన్నట్టు కనిపిస్తాయి. 5/8 అంగుళం చైనులూ కొన్నాళ్లు నడిచాయి. చైను తెగితే మార్చడం సులువే కాని పళ్లచక్రం మార్చడం ఖర్చు. అందుకే అర అంగుళం చైను బిగించడానికి పళ్ల మధ్య ఆకురాయితో రుద్దిన గుర్తులు, అతుకువేసిన పళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. అలాంటి రుద్దుడు గుర్తు ఉన్న పళ్లచక్రం మొదట పెద్ద చైనుకు చేసిందే కావచ్చు. పాత తయారీకి అది మంచి ఆధారం.

వెనుక చక్రం కథ వేరు. 1900కు ముందు పెడల్ తిరిగినంతసేపే చక్రం తిరిగేది, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే. తొక్కడం ఆపినా బండి సాగే ఫ్రీవీల్ ఇరవయ్యో శతాబ్దం మొదటి కొన్నేళ్లలో అన్నిచోట్లా వ్యాపించింది. 1902-03లో నాటింగ్‌హాంలో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్ వచ్చింది. ఈ హబ్బులు కాలనిర్ణయానికి పెట్టని సాక్ష్యం. 1936లో వచ్చిన ఏడబ్ల్యూ రకం, 1930ల చివరి నుంచి హబ్ మీద కొట్టిన సంవత్సరపు అంకె, రెండూ తేదీని నేరుగానే చెబుతాయి. చిక్కల్లా ఒకటే: పల్లె మెకానిక్కుకు మూడు గేర్ల హబ్బుతో ఎప్పుడూ తలనొప్పే. అది చెడినప్పుడల్లా తీసేసి మామూలు ఫ్రీవీల్ బిగించాడు. ఫ్రేము పైగొట్టం మీద గేరు తీగకు వేసిన చిన్న పట్టీ గాని, దాని కింద రంగు లేని చార గాని మిగిలితే, ఒకప్పుడు అక్కడ గేరు ఉండేదని చెప్పవచ్చు.

బ్రేకులు మూడు దశల్లో మారాయి. మొదటిది హ్యాండిల్ నుంచి నిలువుగా దిగిన కడ్డీ ముందు టైరు నెత్తిన రబ్బరు దిమ్మను నొక్కడం. రెండోది కడ్డీలు, కీళ్ల సాయంతో రీము లోపలి అంచును పట్టే బ్రేకు. ఇది 1900 తర్వాత బలపడి, మన దేశంలో ఇప్పటికీ చావలేదు. మూడోది తీగ బ్రేకు. తీగ మీద 1896లో హక్కులు తీసుకున్నది ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. రాలీ కంపెనీ పెట్టిన ఫ్రాంక్ బౌడెన్ వేరే మనిషి. ఇద్దరినీ ఒకరిగా చెప్పే రాతలు చాలా ఉన్నాయి. కడ్డీ బ్రేకు కోసమే రూపొందిన రీము వెస్ట్‌వుడ్ రీము. దాని లోపలి అంచులు రెండు వైపులా గుండ్రంగా మడిచి ఉంటాయి, బ్రేకు దిమ్మ నొక్కేది ఆ మడత మీదే. తీగ బ్రేకుకు పక్కలు చదునైన ఎండ్రిక్ రీములు 1930లలో వ్యాపించాయి.

మెరుపు పూత చెప్పేంత నమ్మకంగా కాలం చెప్పేవి తక్కువ. 1920ల చివరి వరకు హ్యాండిల్, పళ్లచక్రం, హబ్బులకు వేసిన పూత నికెల్. క్రోమియం పూత ఆ తర్వాతే బజారులోకి వచ్చింది. నికెల్ మెరుపులో కొంచెం పసుపు, వెచ్చదనం ఉంటాయి, గాలి తగిలి మసకబారుతుంది. క్రోమియం నీలి చాయతో అద్దంలా ఉంటుంది, మసకబారదు, పొక్కి రేకులుగా లేస్తుంది. ఒకే సైకిలులో హ్యాండిల్ క్రోమియం, పళ్లచక్రం నికెల్ అయితే హ్యాండిల్ తర్వాత మార్చినదని అనుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో క్రోమియం దొరక్క కొన్ని భాగాలకు నల్ల రంగే వేశారు. అలాంటి భాగం మీద రంగు గీకి మెరుపు పూత కోసం వెతికితే ఏమీ దొరకదు, పైగా అసలు రంగు పోతుంది.

తయారీదారును గుర్తించడానికి పేరు బిళ్ల కంటే పళ్లచక్రం మేలు. పెద్ద కంపెనీలు దానిలో తమ గుర్తునే చెక్కించుకున్నాయి. రాలీ చక్రంలో కొంగ తలలు, రడ్జ్-విట్వర్త్ చక్రంలో అరచేయి, హంబర్ చక్రంలో చేతులు చాచిన మనుషుల వరస, బీఎస్‌ఏ చక్రంలో మూడక్షరాలు. రాలీకి గొట్టంతో చేసిన ముందు ఫోర్కు భుజం కూడా గుర్తే. హంబర్ వారి మంచి సైకిళ్లకు ముందు ఫోర్కులో ఒక్కో వైపు రెండేసి సన్న గొట్టాలు. వోల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్‌స్టన్ చేసిన సన్‌బీమ్‌కు నూనెలో మునిగి తిరిగే చైను మూతపెట్టె ప్రసిద్ధి. అలాంటి పెట్టె ఉన్న చైను దుమ్ముకు అరగదు. నల్లరేగడి దుమ్మున్న సీమకు అంతకంటే తగిన ఏర్పాటు లేదు. ధర మాత్రం కలిగినవాళ్లకే అందేది.

పేరు బిళ్ల పోయినా దాని రివెట్ల రంధ్రాలు పోవు. ముందు గొట్టం మీద రంధ్రాలు ఎన్ని, నిలువునా అడ్డంగానా, మధ్య దూరం ఎంత అన్నది కొలిచి, తెలిసిన బిళ్లలతో పోల్చాలి. ఉన్న బిళ్ల రంధ్రాలకు సరిపోకుండా పక్కన కొత్త రంధ్రాలు తొలిచి బిగించి ఉంటే ఆ బిళ్ల ఇంకో సైకిలుది. కొత్తగా అచ్చు కొట్టిన రాలీ బిళ్లలు బజారులో తేలిగ్గానే దొరుకుతాయి కాబట్టి ఈ పని తప్పనిసరి.

బీఎస్‌ఏ విషయంలో ఇంకో మెలిక ఉంది. బర్మింగ్‌హాం స్మాల్ ఆర్మ్స్ తుపాకుల కంపెనీ. 1890లలో అది పూర్తి సైకిళ్లు చేయడం మాని హబ్బులు, క్రాంకులు, గొట్టాలు కలిపే లగ్గులు చేసి ఇతరులకు అమ్మేది. పూర్తి సైకిళ్లు మళ్లీ బజారులోకి తెచ్చింది 1910కి అటూ ఇటూ. అంతవరకూ, ఆ తర్వాత కూడా, ఇంగ్లండులోనూ మన దేశంలోనూ చిన్న దుకాణాలు ఆ భాగాలు కొని సొంత పేర్లతో సైకిళ్లు కూర్చాయి. కనుక ఒక లగ్గు మీద మూడు తుపాకులు కూడిన గుర్తు కనిపించగానే బీఎస్‌ఏ సైకిలని తేల్చేయడం తొందరపాటు. ఆ గుర్తు అన్ని లగ్గుల మీదా ఉందా, ఫ్రేము నంబరు బీఎస్‌ఏ పద్ధతిలో ఉందా అని చూడాలి. ఊరు పేరు తెలియని చిన్న కంపెనీ కూర్చిన సైకిలు విలువ తక్కువేమీ కాదు. చరిత్ర దృష్టితో చూస్తే ఒక్కోసారి అదే అరుదైనది.

కంపెనీలు చేతులు మారిన తేదీలూ పనికొస్తాయి. హంబర్ సైకిళ్ల వ్యాపారం 1932లో, రడ్జ్ 1943లో, బీఎస్‌ఏ 1957లో రాలీ చేతికి వెళ్లాయి. తర్వాతి రడ్జ్ సైకిలు పేరుకు రడ్జ్, పుట్టుక నాటింగ్‌హాం. అది మరల దగ్గర బయటపడుతుంది. ఇతర కంపెనీలు క్రాంకు గొట్టంలో అంగుళానికి 24 మరలు వాడితే రాలీ 26 వాడింది. మర లెక్కపెట్టే గేజీ తిప్పితే ఆ రడ్జ్ ఎక్కడిదో తెలిసిపోతుంది.

ఇన్ని ఆనవాళ్లున్నా పొరపాట్లు జరగడానికి పెద్ద కారణం ఒకటుంది. మన దేశంలో మొదలైన తయారీ ఇంగ్లండు 1930ల నమూనాను పట్టుకుని అక్కడే ఆగిపోయింది. 1930ల చివర బొంబాయిలో హింద్ సైకిల్స్ మొదలైంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఏర్పడి ఇంగ్లండు వారి హెర్క్యులిస్ పేరుతో సైకిళ్లు చేసింది. 1950ల ఆరంభంలో అసన్‌సోల్‌లో సేన్-రాలీ, సోనీపట్‌లో అట్లాస్ వచ్చాయి. 1956లో లుధియానాలో హీరో చేరింది. కడ్డీ బ్రేకులు, వెస్ట్‌వుడ్ రీములు, 28 అంగుళాల చక్రాలు, ముందు 32, వెనుక 40 పుల్లలు అన్నీ అలాగే సాగాయి. దాంతో ఎక్కడ కాస్త తుప్పుపట్టిన నల్ల సైకిలు కనపడినా బ్రిటిష్ కాలంనాటిదని అమ్మేవాళ్లు తయారయ్యారు. నిజానికి వాటిలో చాలా భాగం అసన్‌సోల్, అంబత్తూరు సైకిళ్లే. సీటు గొట్టం మీద, క్రాంకుల వెనుక, హబ్ మీద కొట్టిన అక్షరాలు చూస్తే వివాదం తీరుతుంది. 1930లలో చవకగా దిగిన జపాను భాగాలు కూడా ఇంగ్లండు సైకిళ్లలో కలిసిపోయి ఉంటాయి.

స్వదేశీ తయారీ మొదలయ్యాక సైకిలు స్థాయి కూడా మారింది. పెళ్లిలో అల్లుడికి సైకిలు, చేతి వాచీ, రేడియో ఇవ్వడం కృష్ణకు రెండు వైపులా ఆనవాయితీ అయింది. 1950లలో కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవాడు. సామాన్యుడి బండి అన్న ముద్రతోనే అది 1983లో తెలుగుదేశం ఎన్నికల గుర్తుగా నిలిచింది.

ఊరి చేతిలో సైకిలు సంపాదించుకున్న గుర్తులు కంపెనీ గుర్తులంత విలువైనవి. పురపాలక సంఘాలు, పంచాయతీలు సైకిలు పన్ను కట్టించుకుని ఏటా బిళ్ల ఇచ్చేవి. ఇత్తడి బిళ్ల, అల్యూమినియం బిళ్ల, దాని మీద ఊరు, సంవత్సరం, నంబరు. రాత్రి దీపం లేకుండా తొక్కితే, ఇద్దరెక్కితే పోలీసు పట్టుకునేవాడు. ఆ బిళ్ల ఇంకా హ్యాండిల్‌కో సీటు కిందో వేలాడుతుంటే ఆ ఏడు ఆ సైకిలు ఎక్కడ ఉందో తెలిపే రుజువు దొరికినట్టే. చైను మూత మీదా వెనుక మడ్‌గార్డు మీదా పెయింటరు రాసిన యజమాని పేరు, ఊరు పేరు, దేవుడి పేరు ఉంటాయి. కన్నడం, తెలుగు, ఉర్దూ లిపులు ఒకదాని మీద ఒకటి పడిన మడ్‌గార్డు ఎవరెవరి చేతులు దాటిందో చెబుతుంది. దసరాకు ఆయుధపూజలో సైకిలుకు పసుపు కుంకుమలు పెట్టడం ఆచారం కనుక పేరు బిళ్ల అంచుల్లో, రివెట్ల చుట్టూ ఎర్రని పొర గట్టిపడి ఉంటుంది. అది తుప్పు అనుకుని గీకేవాళ్లున్నారు.

బరువులు మోసిన సైకిలుకు ఇంకో రకం చేర్పులు. వెనుక బరువైన క్యారియర్, రెండు కాళ్ల స్టాండు, ముందు ఇరుసు నుంచి హ్యాండిల్ దాకా సాయం కడ్డీలు. ఇవి ఇంగ్లండులో బిగించినవి కావు, కాని నలభై యాభై ఏళ్లుగా ఆ సైకిలులో భాగమే. తీసేయాలా ఉంచాలా అన్నది పునరుద్ధరణలో మొదటి ప్రశ్న. ఏ సంవత్సరపు రూపానికి తిరిగి తీసుకెళ్లాలనుకుంటున్నారో తేల్చుకోకుండా రెంచి పట్టుకుంటే 1912 ఫ్రేము మీద 1938 చక్రాలు, 2020 రంగు ఉన్న బొమ్మ తయారవుతుంది. అలాంటివి హోటళ్ల గుమ్మాల్లో కావలసినన్ని ఉన్నాయి. అసలు రంగులో మూడో వంతు మిగిలినా కొత్త రంగు వేయకపోవడమే మంచిది. భాగాలు శుభ్రం చేసి, కదిలేవాటిని కదిలేలా చేసి, మిగతాది ఉన్నట్టే ఉంచడం అన్నిటికంటే తక్కువ ఖర్చు, తక్కువ నష్టం.

పని మొదలుపెట్టే ముందు నలువైపులా ఫొటోలు తీసి, ప్రతి అంకెనూ అక్షరాన్నీ రాసుకోవాలి. నంబరు సాధారణంగా సీటు లగ్గు మీదో క్రాంకు గొట్టం కిందో ఉంటుంది. రంగు కింద మూసుకుపోతే సుద్ద రుద్ది, కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీయవచ్చు. ఇసుక పోటుతో రంగు ఊడగొట్టడం, పొడి రంగు కాల్చి పట్టించడం ఈ అంకెలను శాశ్వతంగా చెరుపుతాయి. క్రోమియం పూత మళ్లీ వేయించినప్పుడు ముందు చేసే సానకు కూడా హబ్ మీది సంవత్సరం అరిగిపోతుంది.

విప్పేటప్పుడు ఎక్కువ హాని జరిగేది కాటర్ పిన్ను దగ్గర. క్రాంకును ఇరుసుకు బిగించే ఈ ఏటవాలు పిన్ను దశాబ్దాల తుప్పుతో అతుక్కుని ఉంటుంది. నేరుగా సుత్తితో బాదితే పిన్ను వంగుతుంది, లోపలి బాల్స్ కప్పులో గుంటలు చేస్తాయి. రెండు మూడు రోజులు తుప్పు నూనె పోసి, క్రాంకు కింద మందపాటి ఇనుప గొట్టాన్ని నేల దాకా ఆధారంగా నిలిపి, మర మీద నట్టు కొంత ఉంచి ఒక్క బలమైన దెబ్బ వేయాలి. బిగించి నొక్కే పరికరం ఉంటే ఇంకా మేలు. ఎడమ పెడల్ మర ఎదురు తిప్పుడుది. దాన్ని మామూలు వైపు తిప్పి క్రాంకు పాడుచేసిన ఉదాహరణలు కోకొల్లలు.

సైకిలు షాపుల్లో ఓవరాయిలింగ్ అనే పని ఈ విషయంలో నమ్మదగిన సంప్రదాయం. అన్ని బేరింగులూ విప్పి, కిరసనాయిలులో కడిగి, బాల్స్ మార్చి, గ్రీజు పట్టించి, రీము బెండు తీసి తిరిగి బిగిస్తారు. ముందు హబ్బుకు 3/16 అంగుళం బాల్స్, వెనుక హబ్బుకు, క్రాంకు ఇరుసుకు పావు అంగుళం బాల్స్ అన్న కొలత పాత ఇంగ్లండు సైకిళ్లలో చాలావాటికీ నేటి దేశవాళీ సైకిలుకూ ఒకటే. అయితే ఒక జాగ్రత్త. పాత హబ్బుల మీద, క్రాంకు గొట్టం మీద నూనె పోయడానికి చిన్న రంధ్రం, దానికి స్ప్రింగు మూత ఉంటాయి. అవి పల్చని నూనెకు చేసినవి. గ్రీజు నింపితే మూడు గేర్ల హబ్ మొరాయిస్తుంది. శక్తినగర్ పరిసరాల్లో బొగ్గు బూడిద నుసి గాలిలో తేలుతుంది. అది నూనెలో కలిస్తే సానపట్టే ముద్దలా పని చేస్తుంది. అక్కడ తొక్కే సైకిలుకు ఆ రంధ్రాల మూతలు లేకపోతే బేరింగు ఎక్కువ కాలం నిలవదు.

రాయచూరు ఎండ ఇనుముకు మేలు, తోలుకు కీడు. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి గొట్టాలను లోపలి నుంచి తినేస్తుంది. ఇక్కడ పైన ఎర్రగా కనిపించినా లోపల గట్టిగా ఉండటమే ఎక్కువ. బ్రూక్స్ లాంటి తోలు సీట్లు మాత్రం ఎండకు ముడుచుకుని రివెట్ల దగ్గర చీలిపోతాయి. నూనెలో నానబెడితే తోలు సాగి జోలెలా దిగిపోతుంది. తేనెమైనం, కొవ్వు కలిపిన లేపనం అడుగు వైపు పల్చగా, విడతలుగా పట్టించాలి. బిగింపు బోల్టును తోలు మెత్తబడకముందు తిప్పకూడదు.

తుప్పుకు పలుచని ఆక్జాలిక్ ఆమ్లం లేదా నిమ్మ ఉప్పు నీళ్లు చాలు. నల్ల ఎనామిల్‌ను, బంగారు గీతలను ఇవి పెద్దగా ముట్టవు, అయినా ముందు కనపడని చోట పరీక్షించాలి. కంపెనీ పేరు అంటించిన పల్చని ముద్రల మీద థిన్నర్ గాని, స్పిరిట్ గాని పడకూడదు. మడ్‌గార్డు మీద పెయింటరు రాతకూ అదే నియమం. ఆడవాళ్ల సైకిలు వెనుక మడ్‌గార్డు అంచున వరుస రంధ్రాలుంటాయి. గౌను చక్రంలో చిక్కకుండా అక్కడి నుంచి ఇరుసుకు దారాలు అల్లేవారు. దారాలు పోయిన మడ్‌గార్డును చూసి తుప్పు రంధ్రాలనుకుని పూడ్చేయడం జరుగుతుంది.

తొక్కడానికి సిద్ధం చేసే సైకిలులో ముందు ఫోర్కును తప్పక చూడాలి. భుజం దగ్గర, గొట్టం లోపలి మరల దగ్గర వెంట్రుక లాంటి పగులు ఉంటే ఆ సైకిలు గోడకు ఆనించి ఉంచాల్సిందే. ఇత్తడి అతుకు వేసినచోట గ్యాసు వెల్డింగు చేయిస్తే పక్క ఇనుము పెళుసవుతుంది.

టైర్ల దగ్గర మాత్రం ఇంగ్లండు సేకర్తలకు లేని సౌకర్యం ఇక్కడుంది. 28 × 1½ కొలత, అంటే రీము వ్యాసం 635 మిల్లీమీటర్లు, మన దేశంలో పాతబడలేదు. వెస్ట్‌వుడ్ రీము ఉన్న 1920ల రోడ్‌స్టర్‌కు దేవసూగూరు సైకిలు షాపులో దొరికే టైరు ఎక్కుతుంది. కడ్డీ బ్రేకు దిమ్మలు, కాటర్ పిన్నులు, సన్న రబ్బరు గొట్టం తొడిగే వుడ్స్ వాల్వు, 40 రంధ్రాల వెనుక రీము కూడా అంతే. 1910కి ముందటి కొన్ని రీములకు తీగ అంచు లేని, గాలి బిగువుతో రీము కొక్కేన్ని పట్టుకునే టైర్లుండేవి. వాటికి ఈ టైరు నిలవదు. అలాంటి రీము దొరికితే తొక్కే ఆశ వదులుకోవడం మేలు. కొత్త రీము వేసి తొక్కేవాళ్లు పాత రీమును, హబ్‌ను చీటీ కట్టి దాచడం మంచి పద్ధతి.

దీపాలు విడిగా సేకరించేవాళ్లున్నారు. లూకాస్ కిరసనాయిలు దీపం, కార్బైడు మీద నీళ్లు చుక్కలుగా పడి పుట్టే వాయువుతో వెలిగే దీపం, 1930లలో వ్యాపించిన డైనమో, వేటి కాలం వాటిది. 1925 నాటి సైకిలుకు డైనమో ఉంటే అది తర్వాతి చేర్పే కావచ్చు. కార్బైడు దీపం వెలిగించి చూడాలనుకుంటే ఆరుబయటే చేయాలి. ఎసిటిలీన్ పేలే వాయువు.

కాలనిర్ణయానికి కంపెనీల ఏటేటి జాబితా పుస్తకాలే ఆధారం. 1955లో మొదలైన ఇంగ్లండు వెటరన్-సైకిల్ క్లబ్ వాటిని పోగుచేసి తేదీలు తేల్చడంలో సాయపడుతుంది. మన వైపు పుణెలో విక్రమ్ పెండ్సే సైకిల్ మ్యూజియంలో ఇంగ్లండు సైకిళ్లు, సామానులు చూడవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నుంచి దూకే సైనికులకు చేసిన బీఎస్‌ఏ మడత సైకిలు అలాంటి సంగ్రహాలకు పేరు తెచ్చిన వస్తువు.  

అమ్మకం దగ్గర చట్టం ఒకటి అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద నూరేళ్లు దాటిన వస్తువులు పురావస్తువుల నిర్వచనంలోకి రావచ్చు. వాటిని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానిది లేదా అది అనుమతించిన సంస్థది. ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. పాత వస్తువు పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తుంది. 1924 సైకిలా 1934 సైకిలా అన్న తేడా అక్కడ కాగితం మీద అవసరమవుతుంది. హబ్ మీది అంకె, చైను దూరం, పూత రకం, ఫ్రేము నంబరు అచ్చు, విప్పక ముందు తీసిన ఫొటోలు దరఖాస్తుతో జతచేయగలిగితే ఆ తేడాను వాదనతో కాకుండా వస్తువుతోనే చూపవచ్చు.